చినబాబు జుత్తు

చినబాబు మొండివాడని పాతపట్నంలో అందరూ అనేవారు. నేనొప్పుకోను. మొండివాడికి ఎదుటివాడి మాట చెవికెక్కదు. చినబాబుకి అందరి మాటా చెవికెక్కేది, ఎక్కి భయమేసేది. భయపడ్డవాడు చేతికి ఏది దొరికితే అది పట్టుకుని వదలడు. అతను తన జుత్తు పట్టుకున్నాడు.

రైలుస్టేషన్ వీధిలో మాకు కిరాణా కొట్టుంది. పేరుకి అది మా ఆయన ధర్మారావుగారిది. ఆయనకి ఉబ్బసం. పొద్దున్నే పేపరు పుచ్చుకుని అరుగు మీది కుర్చీలో కూలబడితే మళ్ళీ భోజనానికే లేవడం. తక్కెడ పట్టేదీ, బేరమాడేదీ, బస్తాలు దింపేవాళ్ళతో గొంతు చించుకునేదీ నేను. కమలాదేవి నోట్లో నోరు పెట్టకండని వీధిలో అనుకుంటారు. అనుకోనీ. నోరు లేకపోతే కొట్టు ఎప్పుడో మూతబడేది.

చినబాబుది ఏటి అవతల ఊరు. కొంచెం పల్లం, కొంచెం మెట్ట ఉన్న రైతు. నువ్వులో పెసలో పండితే మా కొట్టుకే తెచ్చేవాడు. మనిషి తాడిచెట్టంత ఎత్తు, గొంతు మాత్రం పెరట్లో ఆడపిల్ల మాట్లాడినట్టుండేది. బేరమాడటం చేతకాదు. "మీకు తోసింది ఇయ్యండమ్మా" అనేవాడు. అలాంటివాణ్ణి మోసం చెయ్యడానికి ఎవరికైనా చెయ్యెలా వస్తుంది? నాకు రాలేదు.

పెళ్ళాం అసిరమ్మ అతని మేనమామ కూతురే. పొట్టిగా, నల్లగా, పళ్ళన్నీ కనబడేలా నవ్వే పిల్ల. ఆ నవ్వు పెళ్ళయిన కొత్తలోది. తర్వాత రెండుసార్లు కడుపు పోయింది.

మొదటిసారి, ఆరో నెలలో ఉండగా, పినతండ్రి కొడుకు పెళ్ళని చినబాబు క్రాపు చేయించుకున్నాడు. వారం తిరక్కుండా బిడ్డ పోయింది. రెండోసారి అన్నగారు జ్వరమొచ్చి పోతే, ఎత్తేవాళ్ళు తక్కువై పాడెకి భుజమిచ్చాడు. ఆ నెలలోనే ఆ బిడ్డా పోయింది. కడుపుతో ఉన్నదాని మొగుడు తలమీద కత్తి పెట్టించుకోకూడదు, శవాన్ని మొయ్యకూడదు అన్న సంగతి మావైపు పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. జనం ఊరుకుంటారా? "పాడె మోసినోడే కొడుకుని మోసుకుపోనాడు" అన్నారు. అతను వినేలాగే అన్నారు. ఆ నాలుకలు కాలా!

మూడోసారి అసిరమ్మ నీళ్ళోసుకుందని తెలిసిన రోజునుంచే చినబాబు కత్తి ముట్టుకోలేదు. పద్ధతి ప్రకారం అయిదో నెల వచ్చాక మొదలెడితే చాలు. అతను ఆగలేదు. ఊళ్ళో చావైతే ఆ వీధి వైపే వెళ్ళలేదు. భావనపాడులో సముద్రస్నానానికి ఊరంతా బళ్ళు కట్టుకుని వెళ్తే, అదీ కూడదంటారని ఇంట్లో ఉండిపోయాడు. బిడ్డ పుట్టాక సింహాచలం అప్పన్న దగ్గర ఆ బిడ్డ పుట్టెంటికలూ తన జుత్తూ ఒకేరోజు ఇస్తానని మొక్కుకున్నాడు. అసిరమ్మకి ఎనిమిదో నెల వచ్చేసరికి అతని జుత్తు భుజాల మీదకీ, గెడ్డం గుండెల మీదకీ దిగాయి.

వేరే ఏడయితే ఎవరూ పట్టించుకోకపోదురు. అది చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన ఏడు. మా పక్క కొండల్లో సంఘంవాళ్ళకీ పోలీసులకీ తుపాకుల గొడవ నడుస్తున్న ఏడు. ఊరి బయట బంగళాలో పోలీసు క్యాంపు దిగింది. ఎక్కడెక్కడి జిల్లాలనుంచో వచ్చినవాళ్ళు, మనిషికీ మనిషికీ తేడా తెలీదు. మాసిన గెడ్డంతో కుర్రాడు కనబడితే చాలు, జీపెక్కించేవారు. "గెడ్డముంటే నక్సలైటు, లేకపోతే గీయించుకున్న నక్సలైటు" అని గంగులు అనేవాడు.

గంగులు మా కొట్టు చూరు కింద పొది పెట్టుకుని కూర్చునే మంగలి. అతనిదీ చినబాబు ఊరే, వరసకి బావా బావా అని పిలుచుకునేవారు.

ఒకరోజు పొద్దున్న నౌపడా నుంచి వచ్చిన చిన్న రైల్లో ఒక తెల్లవాడు దిగాడు. పూరీ వెళ్ళాల్సినవాడు, బండి తప్పి ఎక్కేశాడు. పసుప్పచ్చ లుంగీ, మెళ్ళో పూసలు, కాళ్ళకి చెప్పుల్లేవు, జుత్తు వీపు మీదకి. మా కొట్లో నాలుగు అరటిపళ్ళు కొనుక్కుని, అరుగు చివర నువ్వుల బస్తా మీద కూర్చున్న చినబాబు పక్కనే చతికిలబడ్డాడు.

"ఒరే చినబాబు బావా, నీ తమ్ముడొచ్చాడురోయ్!" అన్నాడు గంగులు.

మా ఆయన పేపరు మడిచి పక్కన పెట్టారు. ఆయన పర్లాకిమిడి హైస్కూల్లో చదువుకున్నారు. ఆ ఇంగ్లీషు వాడుకునే అదృష్టం అప్పటిదాకా రాలేదు. తెల్లవాడి పేరడిగారు. అతనేదో చెప్పాడు, ఒక్కరికీ నోరు తిరగలేదు. గంగులు "దొరబాబు" అని పేరు పెట్టేశాడు.

"హిప్పీలంటారు వీళ్ళని," అన్నారు మా ఆయన, అదేదో తానే కనిపెట్టినట్టు.

"అయితే సావుకారూ, ఆల దేశంలో మంగలోళ్ళు లేరేటి? అడగండి," అన్నాడు గంగులు.

మా ఆయన అడిగారు. ఇద్దరూ కాసేపు మాట్లాడుకున్నారు. "ఉన్నార్ట. వీళ్ళ సర్కారు ఎక్కడో యుద్ధం చేస్తోంది. ఇతన్ని పటాలంలోకి రమ్మంది. అక్కడ ముందు తల గొరుగుతారట. చంపడానికి నేను రానని చెప్పి, జుత్తు పెంచేసి, దేశం వదిలి వచ్చేశాడు."

చినబాబు అంతా విని ఆలోచించాడు. "అయితే ఈ బాబు పెళ్ళానికి నెలలు కావేటి?" అన్నాడు.

వీధి వీధంతా నవ్వింది. మా ఆయనకి నవ్వి నవ్వి దగ్గొచ్చింది. దగ్గు తగ్గాక ఆ మాట తెల్లవాడికి చెప్పారు. అతను నవ్వలేదు. చినబాబు జుత్తు వంక చూసి ఏదో అడిగాడు. మా ఆయన జవాబు చెబితే విని, చినబాబుకి రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాడు.

"ఇంత అందమైన కారణం ఎక్కడా వినలేదంటున్నాడు," అన్నారు మా ఆయన.

నాకు ఒళ్ళు మండింది. "ఏటండీ అందం! ఆ బంగళావాళ్ళ చేతిలో పడితే ఏ అందం మిగుల్తుందో అదీ చెప్పండి దొరకి. ఒరే చినబాబూ, ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు? జుత్తు ఉంచుకో, పోనీ. ఆ గెడ్డం ఒక్కటైనా తీయించెయ్."

"గెడ్డం కూడా లెక్కేనమ్మా. మొదటిసారి నాను తలొక్కటే కత్తిరించాను. అయినా పోనాది."

"చంద్రుడి మీద మనుషులు నడుస్తుంటే, దేవుడు నీ వెంట్రుకలు లెక్కపెట్టుకుంటూ కూర్చుంటాడంటావా?" అన్నారు మా ఆయన.

"ఆ సంఘపోళ్ళయితే దేవుడే లేడంతన్నారు సావుకారూ," అన్నాడు గంగులు. "సావుకార్లున్నారు గాని దేవుడు లేడంట."

"వాళ్ళ రాజ్యమొస్తే మొదట ఎగిరేది నా తలే."

"భయపడకండి. నాను గొరిగినాకే తియ్యమంతాను."

మళ్ళీ నవ్వులు. చినబాబు మాత్రం నవ్వలేదు. నువ్వుల బస్తా కుట్టు వేలితో పీకుతూ అన్నాడు: "దేవుడున్నాడో లేడో నాకు తెల్దు సావుకారూ. ఉన్నాడని సెప్పినోడూ సూడలేదు, లేడన్నోడూ ఎతకలేదు. లేడని తేలీదాకా నా జుత్తు నా నెత్తిమీదుంతే ఎవులికి బరువు? ఈ దొరబాబు సంపనని పెంచాడు. నాను బతకాలని పెంచాను. బిడ్డ పుట్టినాక గుండు కొట్టించుకుని మీ కొట్టుకే ముందొస్తాను. అప్పుడు నవ్వండి."

ఆ మాటతో నా కోపం దిగిపోయింది. నాకు పిల్లల్లేరు. నాకోసం ఎవరూ ఒక్క పూట గెడ్డం గీయించుకోవడం మాననూ లేదు, మొక్కూ మొక్కలేదు. మా ఆయన ముందు ఆ మాట ఎప్పుడూ అనలేదు గాని, ఆ క్షణంలో అసిరమ్మ మీద నాకు అసూయ కలిగింది.

అప్పుడే జీపొచ్చింది.

ఇనస్పెక్టరు దిగాడు. అరుగు మీద పక్కపక్కన రెండు గెడ్డాలు చూశాడు. ముందు తెల్లవాడి పాస్‌పోర్టు తీసుకుని, అటూ ఇటూ తిప్పి, మర్యాదగా తిరిగిచ్చేసి, పూరీకి ఏ బండెక్కాలో కూడా చెప్పాడు. తర్వాత చినబాబు వైపు తిరిగాడు.

"కొండమీంచి ఎప్పుడు దిగావు?"

"కొండకాదు బాబూ, ఏటవతల. నువ్వులమ్ముకుందామని..." అంటూ ఉండగానే కానిస్టేబులు జుత్తు పట్టుకుని లేపాడు. చినబాబు అరవడం మొట్టమొదటిసారి విన్నాను. "జుత్తొగ్గీండి బాబూ! సెయ్యట్టుకోండి, జుత్తొగ్గీండి!"

నేను గల్లాపెట్టె వదిలి వీధిలోకి పరిగెత్తాను. అతను రైతు, మాకు ఏళ్ళ తరబడి తెలుసు, పెళ్ళాం కడుపుతో ఉందని గొంతు చిట్లేలా చెప్పాను. "లోపలికెళ్ళమ్మా" అన్నాడు ఇనస్పెక్టరు, నా వైపు చూడనన్నా చూడకుండా. తెల్లవాడు చినబాబు భుజం పట్టుకుని ఇంగ్లీషులో ఏదో గట్టిగా అన్నాడు. అతన్ని నెమ్మదిగా పక్కకి జరిపారు. జీపు వెళ్ళిపోయింది. తెల్లవాడు వీధి మధ్య నిలబడి ఏడ్చాడు. మా ఆయన కుర్చీలోంచి సగం లేచి అలాగే ఉండిపోయారు.

"దొరతో ఇంగ్లీషొచ్చిన నోటికి పోలీసుతో తెలుగు రాకపోయిందా?" అన్నాను. ఆయనకి దగ్గొచ్చింది. ఆయన దగ్గుతుంటే నాకు జాలి కలగని రోజు అదొక్కటే.

ఏడ్చి లాభం లేదు. నేను తలుపు చెక్కలు వేసేశాను. గంగులు ఏటవతల ఊరికి పరిగెత్తి, బండి కట్టుకుని అసిరమ్మని తీసుకొచ్చాడు. నిండు కడుపుతో దారిపొడుగునా కుదుపులు తిని వచ్చింది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "ఎక్కడున్నాడు?" అని ఒక్క మాట అడిగి, నాకు బండిలో చోటిచ్చింది.

క్యాంపులో చినబాబుని వరండా స్తంభానికి ఆనించి కూర్చోబెట్టారు. పెదవి చిట్లింది. ఒక కన్ను మూసుకుపోయింది. జుత్తు మాత్రం రెండు చేతులతో ఒడిసిపట్టుకుని ఉన్నాడు.

ఇనస్పెక్టరు రాక్షసుడేం కాదు. నిద్రలేక కళ్ళు ఎర్రబడ్డ మనిషి. నా మాటలన్నీ విన్నాడు. "పట్టుకున్న ప్రతివాడూ పెళ్ళానికి నెలలనే చెబుతున్నాడమ్మా. ఇదే ఆడమనిషిని రేపు ఇంకొకడి పెళ్ళామనీ చూపించొచ్చు. నా దగ్గర ఒక ఫోటో ఉంది. కావలసినవాడికి గెడ్డం లేదు. ఇతను గీయించుకుంటే మొహం పోల్చి చూస్తాను. కాకపోతే ఇప్పుడే పంపించేస్తాను. పొద్దుట్నుంచి చెబుతున్నాం, ఒప్పుకోడు. తప్పు చెయ్యనివాడికి మొహం చూపించడానికేమిటి?"

"ఒప్పుకోకపోతే?"

"సాయంత్రం వ్యానులో కొండ కిందకి పంపుతాను. అక్కడ గుర్తుపట్టేవాళ్ళున్నారు."

ఆ వ్యానెక్కినవాళ్ళ సంగతి తర్వాత పేపర్లో ఎదురుకాల్పులని పడేది. మా ఆయనే చదివి వినిపించేవారు. చినబాబుకీ ఆ సంగతి తెలుసు, ఎన్నోసార్లు మా అరుగు మీదే విన్నాడు.

గంగులు పొది విప్పి, కత్తి నూరి, ముందు కూర్చున్నాడు. "బావా, నీ కాళ్ళట్టుకుంతాను. తల కదపకు."

చినబాబు తల విదిలించాడు. కత్తి చెంపకి తగిలి రక్తమొచ్చింది. "గొంతు కొయ్యి బావా, నానేటీ అనను. గెడ్డం ముట్టుకోకు. ఇది మూడోది బావా. ఇదీ పోతే అసిరి ఎలాగ బతుకుతాది?" ఇద్దరు కానిస్టేబుళ్ళు పట్టుకున్నారు. ఆ సన్నగొంతు మనిషి ఇద్దర్నీ ఈడ్చి పారేశాడు. "ఇంకోసారి కదిల్తే గొంతు తెగిపోతాది బాబూ, నావల్ల కాదు," అని గంగులు కత్తి కింద పెట్టేసి భోరుమన్నాడు. బయట వ్యాను ఇంజను మొదలెట్టారు.

నేను తిట్టాను. బతిమాలాను. "ఒరే, నువ్వే లేకపోతే ఆ బిడ్డకి అయ్యెవడురా?" అన్నాను. అతను నన్ను చూడటంలేదు. చేతులు జుత్తు మీదే ఉన్నాయి.

అసిరమ్మ స్తంభం పట్టుకుని, నడుం మీద చెయ్యేసుకుని, మెల్లిగా అతని పక్కన కూర్చుంది. అతని తల లాక్కుని తన తొడ మీద పెట్టుకుంది.

"గియ్యి గంగులు బావా."

"ఒద్దే! బిడ్డ పోతాదే!"

"పోదు."

"రెండుసార్లు పోనాదే!"

"ఈసారి పోదు. కడుపు మోస్తన్నది నాను. నాకు తెల్దేటి? ఇప్పుడే తన్నాడు. నువ్వు సూడకు. కళ్ళు మూసుకో."

అతను చాలాసేపు ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత చేతులు జుత్తు మీంచి తీసేశాడు. గంగులు గీస్తున్నంతసేపూ చినబాబు పసిపిల్లాడిలా వెక్కిళ్ళు పెట్టాడు. కానిస్టేబుళ్ళలో ఒకడు మొహం తిప్పుకున్నాడు. గెడ్డం పోయాక, కొండవాడు ఆ జుత్తులో దాక్కున్నాడేమో చూస్తానన్నట్టు తలా గొరిగించాడు ఇనస్పెక్టరు. ఫోటో తెచ్చి పక్కన పెట్టి చూశాడు. అందులోవాడు ఎవడో బక్కపల్చటి కుర్రాడు. చినబాబుకీ వాడికీ ఏ పోలికా లేదు.

"వెళ్ళండి," అన్నాడు ఇనస్పెక్టరు.

బండిలో చినబాబు గుండు మీద నా తుండు కప్పాను. ఎండకి కాదు, అతను చేత్తో తడుముకోకుండా ఉంటాడని. అయినా తడుముకుంటూనే ఉన్నాడు. అసిరమ్మ వైపు తిరిగి అడిగాడు: "కదిలిందేటే?"

"కదిలింది," అంది అసిరమ్మ.

బండి గతుకులో పడ్డప్పుడల్లా అదే ప్రశ్న. ప్రతిసారీ అదే జవాబు. రైలు గేటు దగ్గర ఆమె కడుపు మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె ఆ చెయ్యి పట్టుకుని తన చేతుల్లోనే ఉంచుకుంది. నాకు ప్రాణం కుదుటపడింది. మనిషి దక్కాడు, బిడ్డ దక్కింది, జుత్తుదేముంది వెధవ జుత్తు, అనుకున్నాను.

మా ఇంటి దగ్గర ఆపించి గంజి తాగి వెళ్ళమన్నాను. చినబాబు అరుగు మీద, మా ఆయన పక్కన కూర్చున్నాడు. మా ఆయన తన కుర్చీ అతనికిచ్చి కింద కూర్చున్నారు. అసిరమ్మ కాళ్ళు కడుక్కుంటానని నాతో పెరట్లోకి వచ్చింది. నూతి గట్టు మీద కూర్చోబెట్టి నీళ్ళు తోడుతున్నాను.

"సావుకారమ్మా, మంత్రసాని లక్ష్మణమ్మకి కబురెట్టిత్తావా?" అంది.

"ఏటే? నొప్పులేటే?"

"నొప్పుల్లేవు. కడుపు రాయిలాగుంది. మొన్న పొద్దుట్నుంచి కదల్లేదు."

చేద నా చేతిలోంచి నూతిలోకి జారిపోయింది. మొన్నటినుంచి. అప్పటికి అతని జుత్తు అతని నెత్తిమీదే ఉంది. గెడ్డంలో ఒక్క వెంట్రుక తెగలేదు.

"మరి తన్నాడన్నావు కదే!"

"అనకపోతే తలొగ్గుతాడా?" అంది. అప్పుడు వచ్చాయి ఆమె కళ్ళల్లోంచి నీళ్ళు. చప్పుడు లేకుండా, తుడుచుకోకుండా ఏడ్చింది.

నేను ఆమె భుజాలు పట్టుకుని కుదిపాను. "ఇప్పుడే చెప్పవే. నేను చెబుతానుండు. ఇందులో ఆ కత్తి తప్పూ లేదు, వాడి తప్పూ లేదని తెలుస్తుంది. లేకపోతే జన్మంతా ఆ గుండు తడుముకుని చస్తాడే."

"ఒద్దమ్మా, నీకు దణ్ణమెడతాను." నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఈసారి ఆడు ఒక్క తప్పూ సెయ్యలేదు. అన్నీ సేసాడు. అయినా పోనాదని తెలిస్తే ఇంక దేన్నట్టుకుని బతుకుతాడు? పోలీసోలు గొరిగీసినారు, అందుకే పోనాదనుకోనీ. అలాగనుకుంతే మళ్ళీ పెంచుతాడు."

అరుగు మీంచి చినబాబు పిలిచాడు. "అసిరీ, కదిలిందేటే?"

ఆమె చెంగుతో మొహం తుడుచుకుని, వీధిదాకా వినబడేలా, "ఆఁ, కదిలింది!" అని కేకేసింది.